పాట వచ్చింది, సీడీ మాత్రం బూట్ కాలేదు: ఇమ్‌జీబర్న్‌తో నా అనుభవం

సీడీలు రాసే ఇమ్‌జీబర్న్ అనే సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పని ముగిశాక వచ్చే చిన్న పాట. సీడీ రాయడం అయ్యాక ట్రే బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి వెళ్తుంది. రాసినదంతా మొదటినుంచి చదివి, అసలు ఇమేజ్‌తో (సీడీ మొత్తానికి నకలుగా ఉండే ఒకే ఫైలు) పోల్చి చూసుకుని, అంటే వెరిఫై చేసుకుని, అప్పుడు మోగుతుంది. 2013లో వచ్చిన 2.5.8.0 వెర్షన్‌నే ఇప్పటికీ వాడుతున్నాను. ఆ పాట మా ఇంట్లో కుక్కర్ కూత లాంటిది. వినపడితే చాలు, వంటింట్లోంచి అమ్మ "అయిపోయింది, తీసుకో" అనేది.

ఐఎస్ఓ ఫైలును, అంటే అలాంటి ఇమేజ్‌ను, సీడీకి ఎలా ఎక్కించాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. దాన్ని మామూలు ఫైలులా సీడీలో పడేసి, దానితో కంప్యూటర్ బూట్ కావడం (మొదలవడం) లేదని తల పట్టుకోవడం అందరూ ఒకసారి చేసేదే, నేనూ చేశాను.

తెనాలిలో మా బాబాయికి డీటీపీ సెంటర్ ఉంది. పెంటియం 4 యంత్రం, విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకు అను ఫాంట్లు. శుభలేఖలన్నీ దానిమీదే. మాఘమాసం ముహూర్తాలకు పది రోజుల ముందు హార్డ్ డిస్కు పోయింది. దానికి పట్టే పాత రకం ఐడీఈ డిస్కు ఒకటి దొరికింది కానీ ఆ యంత్రం బయోస్‌కు (అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రామ్) పెన్‌డ్రైవ్‌నుంచి బూట్ కావడం తెలియదు. సీడీ తప్ప దారి లేదు. బాబాయి కొన్న అసలు ఎక్స్‌పీ సీడీ నిండా గీతలు. అయితే ఎప్పుడో దాని ఇమేజ్ తీసి, సర్వీస్ ప్యాక్ 3 (ఎక్స్‌పీ అప్‌డేట్ల మూట) కలిపి దాచుకున్నాను.  

నా ల్యాప్‌టాప్‌కు బయట తగిలించే రైటర్‌తో 24 రెట్ల వేగంలో రాశాను. వెరిఫై అయింది, పాట వచ్చింది. ధీమాగా వెళ్లాను. ఎక్స్‌పీ సెటప్ నీలం తెర వచ్చింది, ఫైళ్లు కాపీ అవుతున్నాయి, సగం దాటాక ఫలానా ఫైలు కాపీ కావడం లేదంటూ ఆగిపోయింది. ఎంటర్ నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టింది. రెండో సీడీదీ అదే కథ. మూడోసారి పొదుపుకు పోయి రీరైటబుల్ సీడీ వాడితే అసలు బూటే కాలేదు. మామూలు సీడీ-ఆర్ మీద పడ్డ కాంతిలో 65 శాతానికి పైగా తిరిగొస్తుంది, రీరైటబుల్‌లో 15 నుంచి 25 శాతమే. ముసలి లేజర్‌కు అది ఏం కనిపిస్తుంది? నాలుగోది వేరే కంపెనీ సీడీ, అదీ దండగే.

"పాట వచ్చిందన్నావుగా?" అన్నాడు బాబాయి. ఆ మాటతోనే నాకు వెలిగింది. పాట చెప్పింది నా రైటర్ చదవగలదని. బాబాయి డ్రైవ్ సంగతి దానికేం తెలుసు?

షాపులో లెక్కలకు వాడే ఇంకో పాత యంత్రం ఉంది. ఇమ్‌జీబర్న్‌కు విండోస్ 95 అయినా చాలు, అందుకే దానిలో ఎక్కించి, నా మొదటి సీడీనే పెట్టి వెరిఫై ఒక్కటే నడిపాను. సగం దాకా బాగానే చదివింది. తర్వాత వేగం పడిపోయింది, తప్పుల వరస మొదలైంది. సీడీ మధ్యనుంచి అంచుకు రాసుకుంటూ పోతుంది. నా ఇమేజ్ దాదాపు 600 ఎంబీ కాబట్టి అంచు దగ్గరికి వెళ్తుంది. తప్పులన్నీ అక్కడే.

ఆ పాత యంత్రంలోని రైటర్‌తోనే, 8 రెట్ల వేగంలో, కొత్త సీడీ రాశాను. అందులోనే వెరిఫై చేశాను. బొంగురుపోయిన స్పీకర్లోంచి అదే పాట. "అది వస్తే చాలదన్నావుగా" అన్నాడు బాబాయి. నిజమే. అందుకే ఆ డ్రైవ్‌నే ఊడదీసి, రిబ్బన్ కేబుల్‌తో పెంటియంకు తగిలించాం. రాత్రి తొమ్మిదికల్లా ఎక్స్‌పీ లేచింది. ఒక్క ఫైలు దగ్గర కూడా ఆగలేదు.

కాబట్టి వెరిఫై గురించి ఇన్నాళ్లూ అందరికీ చెప్పిన గొప్పలు కొంచెం తగ్గించుకుంటున్నాను. లోపం దానిది కాదు, నేను దాన్ని అడిగిన చోటు తప్పు. పెన్‌డ్రైవ్‌తో బూట్ అయ్యే యంత్రం ఉన్నవాళ్లకు ఈ తంటా అంతా దేనికి? నాకైతే ఇలాంటి యంత్రాలు బంధువుల ఇళ్లలో ఇంకా మూడున్నాయి. ఇంటర్నెట్‌కు కలపని ఎక్స్‌పీ కావాలనే వాళ్లూ ఉన్నారు. అందుకని ఇమ్‌జీబర్న్‌ను ఉంచుకుంటాను. ఖాళీ సీడీలు దొరికినన్నాళ్లు.

బాబాయి సొరుగులో ఇంకో రెండు కాపీలు పెట్టి వచ్చాను. వాటిమీద మార్కర్‌తో తేదీ, రాసిన వేగం, ఏ డ్రైవ్‌లో వెరిఫై చేశానో రాశాను.