విశాఖ తేమలో నాలుగేళ్లు: నా ఎయిర్‌బ్రష్, కంప్రెసర్

కంప్రెసర్ పంపే గాలితో రంగు చిమ్మే నా ఎయిర్‌బ్రష్ మొదటిసారి నీళ్లు చిమ్మింది సీ హారియర్ యుద్ధవిమానం మోడల్ పొట్ట మీద. 1/72 స్కేలు, అంటే అసలు విమానంలో 72వ వంతు ఉండే, ముక్కలు అతికించి చేసే ఎయిర్‌ఫిక్స్ ప్లాస్టిక్ కిట్, పూర్తయితే జానెడు పొడవు. మన నేవీ మొదట్లో ఈ విమానాలకు పైన ముదురు బూడిద రంగు, కింద తెలుపు వేసేది. ప్లాస్టిక్ మీద తెలుపు కప్పాలంటే పల్చటి పూతలు నాలుగైదు పడాలి. నాలుగోది వేస్తుండగా బ్రష్ తుపుక్కున ఉమ్మింది, రెక్క కింద మూడు చుక్కలు పడి రంగు విరిగిపోయింది. బ్రష్‌దే లోపమనుకుని సూది, నాజిల్ విప్పి కడిగాను. మళ్లీ అదే.

జూలై నెల. ఎంవీపీ కాలనీలో మా గది కిటికీ తెరిచి ఉంది, సముద్రం మీంచి గాలి వస్తోంది. గుమ్మంలో నిలబడి చూసిన నాన్న అడిగారు: "గాలిలో తడి ఎంతుందో చూసుకున్నావా?" ఆయన ఉద్యోగమంతా ఓడలకు రంగులు వేయించడమే. తేమ 85 శాతం దాటితే వాళ్లు స్ప్రే గన్ ముట్టుకునేవారు కాదట. గాలిలోని తడి నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత కన్నా ఓడ రేకు కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి, లేకపోతే ఆ రోజు పని లేదు. మర్నాడే తేమ కొలిచే చిన్న మీటర్ కొన్నాను. ఈ నాలుగేళ్లలో నేను కొన్నవాటిలో అంత ఉపయోగపడింది ఇంకోటి లేదు.

ఇక సామాన్ల సంగతి. బ్రష్ 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న డబుల్ యాక్షన్ రకం: మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. కంప్రెసర్‌కు 3 లీటర్ల ట్యాంకు ఉంది. ఒత్తిడి 4 బార్లకు చేరగానే ఆగిపోతుంది, 3కు పడిపోగానే మొదలవుతుంది. ఇదే యంత్రాన్ని రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు కన్నా ట్యాంకు ఉందా లేదా అన్నది చూడండి. శబ్దం మిక్సీ కన్నా చాలా తక్కువ. రాత్రి పదింటికి వాడినా పక్క ఫ్లాటువాళ్లు ఏమీ అనలేదు.

ట్యాంకు లేని చిన్న కంప్రెసర్ విశాఖకు పనికిరాదని నా గట్టి నమ్మకం. 4 బార్లంటే గాలిని దాదాపు ఐదో వంతు చోటులోకి కుక్కడం. గాలితోపాటు అందులోని ఆవిరినీ కుక్కినట్టే. పంపులోంచి వేడిగా వచ్చినప్పుడు ఆవిరి ఆవిరిగానే ఉంటుంది, చల్లబడితే నీళ్లవుతుంది. ట్యాంకు ఉంటే అక్కడ చల్లబడి అడుగున చేరుతుంది. లేకపోతే తడిని పట్టే మాయిశ్చర్ ట్రాప్‌ను కూడా దాటి ట్యూబులో చల్లబడి, నేరుగా మోడల్ మీదకొస్తుంది. అందుకే నేను పని అయ్యాక ప్రతిసారీ ట్యాంకు కింది మర వదులు చేసి నీళ్లు వదిలేస్తాను. మొదటి ఏడాది ఆ పని చేయలేదు. రెండో ఏడు తీస్తే ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చాయి. బ్రష్ పిడి దగ్గర ఇంకో చిన్న ఫిల్టర్ కూడా బిగించాను. అప్పటినుంచి ఒక్క చుక్క పడలేదు.

ఘాటైన థిన్నర్‌తో కలిపి, త్వరగా ఆరే లాకర్ రంగులది ఇంకో కథ. సీ హారియర్ పైభాగానికి మిస్టర్ కలర్ కంపెనీ 333 నంబరు లాకర్ రంగు వాడాను. ఆరుతుంటే ముదురు బూడిద రంగు మీద తెల్లటి పొర లేచింది. థిన్నర్ త్వరగా ఎగిరిపోతూ ఆ చోటును చల్లబరుస్తుంది, గాలిలోని తడి అక్కడ పట్టుకుంటుంది. నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్‌ను రంగు కలపకుండా పల్చగా కొడితే పొర పోయి రంగు తిరిగొచ్చింది. ఇప్పుడు గంట ముందే ఏసీ వేసి, మీటర్ 60 కిందికి దిగాకే లాకర్ మూత తీస్తాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎక్కువసేపు తిరిగితే బయటి తడి గాలిని లోపలికి లాగుతుంది, అలాగని ఆపి కొట్టకండి, ఆ ఆవిర్లు ఊపిరితిత్తులకు మంచివి కావు. కార్బన్ కార్ట్రిడ్జ్ మాస్కు తప్పనిసరి.

బ్రష్ విషయంలో ఒక్కటే ఫిర్యాదు. లోపలి రబ్బరు వాషర్ లాకర్ థిన్నర్‌కు ఉబ్బిపోయింది, టెఫ్లాన్‌ది వేయించాల్సి వచ్చింది. నాజిల్ మర చాలా సున్నితం, ఒకటి నా చేతిలోనే విరిగింది. స్పేర్ నాజిల్ దొరకని బ్రష్ కొనకండి. రంగులు మండేవి కాబట్టి విమానంలో పంపరు, రోడ్డు దారిన ఆలస్యంగా వస్తాయి. రెండు డబ్బాలు ఎక్కువే తెప్పించుకోండి.

అలమరలో నేవీ వాడిన సముద్ర గస్తీ విమానం టీయూ-142 కిట్ ఉంది, 1/144 స్కేలుది. బీచ్ రోడ్డు మీద 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా నిలబడి ఉన్న విమానం అదే రకం. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు. మొత్తం 32, అన్నీ విడివిడిగా రంగు వేయాల్సినవే. వానలు వెళ్లిపోయి జనవరి వచ్చేదాకా దాని పెట్టె తెరవను. నాన్న కూడా అదే అన్నారు.