బీటెక్ మొదటి ఏడాది: సీ ముందా, పైథాన్ ముందా?

జేఎన్‌టీయూ పరిధిలోని చాలా కాలేజీల్లో మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ అంటే సీ భాష. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు అప్పటికే పైథాన్ చూసి వస్తారు. ఇంటర్ ఎంపీసీ నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాత్రం జీవితంలో మొదటి ప్రోగ్రాం ఆ ల్యాబ్‌లోనే రాస్తారు. వాళ్లకు నా సలహా ఇది: ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయ్యాక క్లాసులు మొదలయ్యేలోగా ఆరు వారాలు పైథాన్ నేర్చుకోండి, ఆ పునాది మీద సీ చదవండి. సీఎస్‌ఈ తీసుకుంటే మాత్రం సీని ఏ కారణంతోనూ దాటేయొద్దు.

కారణం మొదటి రోజే కనిపిస్తుంది. మూడు సబ్జెక్టుల మార్కులు తీసుకుని సగటు చెప్పే ప్రోగ్రాం రాయాలి. పైథాన్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు దాదాపు ఒక్కటే. కీబోర్డు నుంచి వచ్చింది సంఖ్య కాదు, అక్షరాల వరస. దాన్ని సంఖ్యగా మార్చకుండా కూడితే 5, 7 కలిసి 57 అవుతుంది. సీలో అదే పనికి మెయిన్ ఫంక్షన్, హెడర్ ఫైలు, వేరియబుల్ టైపు, ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్‌లో ఫార్మాట్ గుర్తు, వేరియబుల్ పేరు ముందు & అన్నీ సరిగ్గా పడాలి. & మర్చిపోతే ప్రోగ్రాం తనది కాని మెమరీని ముట్టుకుని, చాలాసార్లు సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ఆగిపోతుంది. అన్నీ సరిగ్గా రాసినా మొత్తం 200 వస్తే సగటు 66 అంటుంది, ఎందుకంటే పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సీ దశాంశ భాగాన్ని వదిలేస్తుంది. 3 బదులు 3.0 తో భాగించి, ఫలితాన్ని ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, ప్రింట్ చేయాలి. ఒకే పనిని పదేపదే చేయించే లూపు అంటే ఏమిటో ఇంకా తెలియని విద్యార్థికి ఇవన్నీ ఒకే గంటలో మీద పడతాయి. అర్థం కాకపోతే ప్రోగ్రాంలు బట్టీ పట్టి, రికార్డు నింపి, వైవాలో గట్టెక్కడం మొదలవుతుంది. అక్కడ పోయిన ధైర్యం మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

తప్పు జరిగినప్పుడు రెండు భాషలూ నడిచే తీరు ఇంకా ముఖ్యం. ఐదు గదుల లిస్టులో ఆరో గది అడిగితే పైథాన్ ఏ లైనులో తప్పో చెప్పి అక్కడే ఆగుతుంది. సీలో లిస్టు లాంటిదే అరే. అయిదు గదుల అరేలో ఆరోదానిలో రాస్తే ఏ ఫిర్యాదూ లేకుండా పక్క వేరియబుల్ విలువ చెడిపోవచ్చు. ఫ్యాక్టోరియల్ సంగతి చూడండి. 13 ఫ్యాక్టోరియల్ 6227020800. సీలో ఇంట్ సాధారణంగా నాలుగు బైట్లు, 2147483647 దాటి పట్టదు కాబట్టి మామూలుగా 1932053504 అని చూపిస్తుంది. మైనస్ గుర్తు కూడా లేదు, తప్పని అనుమానం రావడానికి. పైథాన్ పూర్ణాంకాలకు ఈ హద్దు లేదు.

అలాగని పైథాన్‌తోనే ఆగిపోతే ఎక్కడ దెబ్బ తగులుతుంది? ఖర్చు కనపడకపోవడం దగ్గర. ఒక హాల్‌టికెట్ నంబరు లిస్టులో ఉందా అని పైథాన్‌లో ఒక్క మాటలో అడగొచ్చు. దొరికేదాకా అది ఒక్కో అంశాన్నీ పోల్చుకుంటూ పోతుంది. లక్ష నంబర్ల లిస్టులో, అందులో లేని లక్ష నంబర్లను వెతికితే వెయ్యి కోట్ల పోలికలు. సీలో ఆ లూపు మీరే రాస్తారు కాబట్టి పని ఎంతో మీ కళ్లముందే ఉంటుంది. ఒక లిస్టును ఇంకో పేరుకి ఇచ్చి, రెండోదాన్ని మారిస్తే మొదటిదీ ఎందుకు మారిందని పైథాన్ విద్యార్థులు తల పట్టుకుంటారు. సీలో మెమరీ చిరునామాలు పట్టుకునే పాయింటర్లు చదివినవాళ్లకు రెండు పేర్లూ ఒకే చోటును చూపిస్తున్నాయని వెంటనే తడుతుంది. ‘తెలుగు’ అన్న మాట పొడవు అడిగినా అంతే. పైథాన్ 6 అంటుంది, యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) రాసిన మాటకు సీలో పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ 18 అంటుంది. పైథాన్ యూనికోడ్ సంకేతాలను లెక్కపెట్టింది, సీ బైట్లను. మెమరీలో నిజంగా ఏముందో సీ దాచదు. తర్వాత వచ్చే డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి ఆ చూపే ఆధారం.

హార్వర్డ్ యూనివర్సిటీ ప్రోగ్రామింగ్ పరిచయ కోర్సు సీఎస్50, బొమ్మ దిమ్మెలు పేర్చి రాసే స్క్రాచ్‌తో మొదలుపెట్టి, సీ చెప్పి, ఆ తర్వాతే పైథాన్‌కి వస్తుంది. ఆ వరస కూడా పనిచేస్తుంది, కానీ దాని వెనక గట్టి వారపు అసైన్‌మెంట్లు, సాయం చేసే బృందం ఉన్నాయి. అరవై మందికి ఒక ల్యాబ్ ఉన్నచోట అంత ఆసరా దొరకదు.

ఆరు వారాలను ఇలా వాడుకోండి. మొదటి వారం వేరియబుళ్లు, ఇన్‌పుట్. రెండో వారం షరతులు. మూడు, నాలుగు పూర్తిగా లూపులకే, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. అయిదో వారం ఫంక్షన్లు, ఆరో వారం లిస్టులు. మ్యాక్స్, సమ్, సార్ట్ లాంటి రెడీమేడ్ ఫంక్షన్లు ముట్టుకోకుండా ఆ పనిని మీరే లూపుతో రాయండి. లేకపోతే ఆరు వారాలూ వృథా. కాలేజీ మొదలయ్యాక అవే ప్రోగ్రాంలను సీలోకి మార్చండి. ఆలోచన అప్పటికే మీ దగ్గర ఉంటుంది, కొత్తగా నేర్చుకోవాల్సింది టైపులు, పాయింటర్లు, మెమరీ.

సీకి టర్బో సీ మాత్రం వాడకండి. అది డాస్ కాలంనాటి కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్), అందులో ఇంట్ రెండే బైట్లు. 8 ఫ్యాక్టోరియల్‌కే -25216 చూపిస్తుంది. అందులోని కోనియో హెడర్, స్క్రీన్ తుడిచే క్లియర్‌స్క్రీన్ అలవాట్లు బయట పనికిరావు. జీసీసీ అనే ఉచిత కంపైలర్ పెట్టుకుని, ముఖ్యమైన హెచ్చరికలు చూపించే ‘వాల్’ (-Wall) ఫ్లాగుతో కంపైల్ చేయండి. స్కాన్‌ఎఫ్‌లో & మర్చిపోయినా, పోల్చాల్సిన చోట == బదులు = రాసినా సాధారణంగా అక్కడే పట్టిస్తుంది. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ (-fsanitize=address) కూడా ఆన్ చేస్తే అరే హద్దు దాటిన లైను నంబరుతో సహా దొరుకుతుంది. లైను నంబర్ల కోసం ‘జీ’ (-g) ఫ్లాగు కలపండి.

ఈసీఈ వాళ్లకు మైక్రోకంట్రోలర్ల (పరికరాల్లో ఉండే చిన్న కంప్యూటర్ చిప్‌ల) కోసం సీ ఎలాగూ తప్పదు. సివిల్, మెకానికల్ వాళ్లు పరీక్షకు సరిపడా సీ చదివి, మిగిలిన సమయం పైథాన్‌కి ఇస్తే ల్యాబ్ కొలతల లెక్కలకూ గ్రాఫులకూ అది రోజూ పనికొస్తుంది. గేట్ రాసే ఆలోచన ఉంటే, కంప్యూటర్ సైన్స్ పేపర్ సిలబస్‌లో ఉన్నది సీ, డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్‌లో ఉన్నది పైథాన్.