కుడోస్ చెప్పనిది: ఏఓత్రీలో ‘రెక్’ గడిని ఏళ్ళ తరబడి వాడాక

హ్యారీ పాటర్ లోకంలో అభిమానులు రాసిన కథల్లో ఏది చదవమంటారని ఎవరైనా అడిగితే, కథ పేరు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. ముఖపరిచయం కూడా లేని ఒక పాఠకురాలి బుక్‌మార్కుల పేజీ చూపించి, ఇక్కడి నుంచి మొదలుపెట్టండి అంటాను. అభిమానులు రాసిన కథలను దాచే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వెబ్‌సైటులో, అంటే ఏఓత్రీలో, కథను బుక్‌మార్క్ చేసేటప్పుడు అడుగున ‘రెక్’ అనే చిన్న గడి ఒకటి కనబడుతుంది. అందులో టిక్కు పెడితే ఆ కథను నలుగురికీ సిఫార్సు చేస్తున్నట్టు లెక్క. దానితోపాటు మన మాటగా నాలుగు వాక్యాలు రాసుకునే చోటు కూడా ఉంటుంది. ఖాతా ఎలా తెరవాలి, కథను ఎలా వెతకాలి అన్న సంగతులు ఈపాటికి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్ళను. చాలామంది చూసీ చూడనట్టు దాటిపోయే ఆ గడి గురించే ఈ సమీక్ష.

కుడోస్ మీద, అంటే కథ నచ్చిందని ఒక్క నొక్కుతో తెలిపే మెచ్చుకోలు మీద, నాకు కోపమేమీ లేదు, చదివిన ప్రతి మంచి కథకూ ఇస్తూనే ఉంటాను. కానీ కథను ఎంచుకోవడానికి ఆ సంఖ్యను నమ్ముకోవడం దండుగ. ఒక పాఠకుడు ఒక కథకు ఒక్కసారే కుడోస్ ఇవ్వగలడు కాబట్టి, పావుగంటలో ముగిసే చిన్న కథకూ, వంద అధ్యాయాల పాటు నిద్ర చెడగొట్టిన నవలకూ అతని దగ్గర దొరికేది ఒకే ఒక్కటి. పైగా పాత కథలకు ఏళ్ళ తరబడి పోగుపడిన సంఖ్య ఉంటుంది. హ్యారీ, డ్రాకోల జంట, రీమస్, సిరియస్‌ల జంట వంటివాటికి పాఠకులు ముందే సిద్ధంగా ఉంటారు. లక్షల కథలున్న ఈ విభాగాన్ని కుడోస్ వరుసలో పేర్చి చూస్తే ఎన్నిసార్లు చూసినా అవే ముఖాలు ఎదురవుతాయి. ట్యాగుల సంగతి ఇంతకన్నా చాలా మెరుగు. రచయితలు ఒకే విషయాన్ని పది రకాలుగా రాసినా స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని వాటన్నిటినీ ఒకే ట్యాగు కిందికి కలుపుతారు. ఆ శ్రమ వల్లే మనకు అక్కర్లేనివాటిని వడకట్టి, పూర్తయిన కథలను మాత్రమే, కావలసిన నిడివిలో చూసుకోగలుగుతున్నాం. అయితే ట్యాగు కథలో ఏముందో చెబుతుంది, ఎలా రాశారో చెప్పదు. మంచి అభిరుచి ఉన్న మరో పాఠకురాలు రాసిన నోట్ ఆ లోటు తీరుస్తుంది.

నాకు అటువంటి పాఠకురాలు దొరికింది హాగ్వర్ట్స్ మాయల బడిలో 1997–98 విద్యా సంవత్సరం మీద వచ్చిన కథల కోసం వెతుకుతున్నప్పుడు. మూల కథలో హ్యారీ, రాన్, హెర్మయనీ ఆ ఏడాదంతా అడవుల్లో గుడారం వేసుకుని తిరుగుతారు కాబట్టి, స్నేప్ ప్రధానోపాధ్యాయుడుగా, కారో అన్నాచెల్లెళ్ళు పిల్లలను దండించేవారుగా ఉన్న బడిలో ఏం జరిగిందో మనకు చాలావరకు చివర్లో వాళ్ళ సహపాఠి నెవిల్ చెబితేనే తెలుస్తుంది. అభిమాన రచయితలకు ఇంతకన్నా పెద్ద ఖాళీ స్థలం ఎక్కడ దొరుకుతుంది? ఆ ఖాళీలో నాకు మరీ ఇష్టమైన చోటు పార్వతి, పద్మా పాటిల్ కవలలది. పుస్తకాల్లో వాళ్ళు చాలామందికి గుర్తుండేది యూల్ బాల్ అనే నృత్య విందులో హ్యారీ, రాన్‌ల పక్కన విసుగ్గా కూర్చున్నందుకే. ఆఖరి పుస్తకంలో బడిలోని రహస్యమైన రిక్వైర్‌మెంట్ గదిలో తలదాచుకున్నవారిలో ఆ ఇద్దరూ ఉన్నారని ఒక పేర్ల వరుసలో తెలుస్తుంది, అంతే. బడిలో పిల్లలను పంచే ‘ఇళ్ళ’లో గ్రిఫిండార్‌లో ఒకరు, రేవెన్‌క్లాలో ఒకరు, వేర్వేరు బురుజుల్లో ఉన్న అక్కచెల్లెళ్ళు అక్కడిదాకా ఎలా వచ్చారన్నది మూలంలో లేదు. (మూలంలో లేని కథ మనకెందుకని అడిగే పెద్దవాళ్ళకు నాది ఒకటే జవాబు: వ్యాస భారతంలో లేని శశిరేఖ పెళ్ళిని తరతరాలుగా ముచ్చటగా చెప్పుకుంటున్నాం కదా.)

ఆ పాఠకురాలి పేజీలో పద్మా పాటిల్ కథ ఒకటి ఉంది. కుడోస్ తక్కువ, వ్యాఖ్యలు ఇంకా తక్కువ. కింద ఆమె నోట్ ఒక్కటే వాక్యం: ప్రేమకథ కోసం వచ్చినవారు నిరాశపడతారు, తలుపు బయట కూర్చున్న పిల్లల కోసం వచ్చినవారు పడరు. ఏ వడపోతతో వెతికినా నాకు కనబడని కథ అది. రేవెన్‌క్లా బురుజు తలుపుకు తాళంచెవి ఉండదనీ, కంచు గద్ద ఒక పొడుపు ప్రశ్న వేస్తుందనీ, జవాబు తెలియనివారు తెలిసినవారు వచ్చేదాకా బయటే నిలబడాలనీ చదివినవారికి గుర్తుండే ఉంటుంది. మామూలు రోజుల్లో అది ఒక సరదా. కారోలు రాత్రిపూట నడవల్లో గస్తీ తిరిగే ఏడాదిలో, జవాబు తెలియక బయట నిలిచిపోయిన పదకొండేళ్ళ పిల్లల సంగతేమిటని ఆ రచయిత అడిగింది. కథలో పద్మ రోజూ రాత్రి భోజనమయ్యాక వచ్చి ఆ తలుపు దగ్గర కూర్చుంటుంది. పిల్లలకు జవాబు చెప్పదు, వాళ్ళంతట వాళ్ళకు తట్టేలా ఎదురు ప్రశ్నలు వేస్తుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే మాత్రం తనే జవాబు చెప్పి వాళ్ళను లోపలికి తోసేస్తుంది. ఒక రాత్రి గద్ద, పంచుకుంటే పెరిగేదేమిటని అడుగుతుంది. జ్ఞానం అని ఆ ఇంటి పిల్లలందరికీ నోటికి వచ్చే జవాబు బదులు, ఆ రోజే శిక్ష పడి వచ్చిన కుర్రవాడు భయం అంటాడు. తలుపు తెరుచుకుంటుంది. పద్మ మాత్రం వెంటనే లోపలికి వెళ్ళలేకపోతుంది.

అలాంటి కథ దొరికాక ఊరుకుంటానా? నేనూ రెక్ టిక్కు పెట్టి, నోట్ రాసి, కనబడ్డవారికల్లా ఆ లింకు పంపడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు డిగ్రీ చదువుతున్న మా అక్క కూతురికి పంపితే, ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

“పిన్నీ, నువ్వు పంపిన లింకులో కథేమీ లేదు. సరిగ్గా చూసే పంపావా?”

“మొన్నటిదాకా ఉందే తల్లీ. ఉండు, నేను చూసి చెబుతాను.”

నా బుక్‌మార్కుల్లోకి వెళ్ళి చూస్తే, కథ పేరూ రచయిత పేరూ ట్యాగులూ ఉండవలసిన చోట, దీన్ని తొలగించారు, క్షమించండి అని అర్థం వచ్చే ఒక్క ఇంగ్లిషు వాక్యం ఉంది. రచయిత తన కథను తానే తీసేసుకున్నదన్నమాట. అది ఆమె హక్కు. ఆ భాండాగారం ఆ హక్కును గౌరవించడమే నాకు ఇష్టం. కారణమేమిటో తెలుసుకునే దారి లేదు. మూల రచయిత్రి బహిరంగంగా చెప్పిన మాటలు నచ్చక ఈ లోకాన్నే వదిలి వెళ్ళినవారున్నారు, ఉద్యోగంలో చేరుతూ పాత రాతలు చెరిపేసుకున్నవారున్నారు, పాత్రల పేర్లు మార్చి అచ్చు నవలగా తెచ్చేవారూ ఉన్నారు. 2025లో హ్యారీ పాటర్ అభిమాన కథలుగా పుట్టిన మూడు పెద్ద నవలలు అలా కొన్ని నెలల వ్యవధిలోనే అచ్చులో వచ్చాయి. పద్మ కథకు ఆ భాగ్యం పట్టిందేమోనని ఇప్పటికీ కొత్త పుస్తకాల వెనక అట్టలు తిప్పి చూస్తుంటాను.

నేను ఊహించనిది ఆ తరువాత కనబడింది. కథ పోయినా దాని కింద నేను రాసిన నోట్ పోలేదు, నేను పెట్టుకున్న ట్యాగులూ పోలేదు. ఆ ధైర్యంతో, నాకు మొదట దారి చూపిన పాఠకురాలి పేజీ తెరిచి కిందికి కిందికి వెళ్ళాను. అక్కడ అటువంటి తొలగింపు వాక్యాలు నేను అనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి. వాటి కింద, రాజు పేరు చెరిగిపోయి బిరుదులు మాత్రమే మిగిలిన శాసనాల్లా, ఆమె మెచ్చుకోళ్ళు అలాగే ఉన్నాయి. దేన్ని మెచ్చుకుందో తెలియదు. మూడో అధ్యాయం దాటేదాకా ఓపిక పట్టండి అని ఒకచోట, ఈ స్నేప్‌ను క్షమించలేను, మరచిపోలేను అని మరోచోట. తలుపు బయట కూర్చున్న పిల్లల వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగాను. ఆ బుక్‌మార్కు ఏ కథదో ఆ పేజీ చూసేవారెవరికీ తెలియదు, చదివినవారికి తప్ప. వెతుకుతూ పోతే మరొకరి పేజీలో కూడా, కథ లేని చోట, కంచు గద్ద గురించి ఒక నోట్ దొరికింది. ఒకరికొకరు తెలియని ముగ్గురు పాఠకుల నోట్లు, లేని కథ ఒకటి. ఏ కుడోస్ లెక్కా ఈ పని చేయలేదు, ఎందుకంటే కథతోపాటు దాని కుడోస్ లెక్క కూడా మాయమవుతుంది.

ఇంతా చెప్పాక పైన మెచ్చుకున్నదాన్ని కొంత సవరించుకోవాలి. బహిరంగంగా పెట్టిన బుక్‌మార్కు నోట్‌ను కథ రాసినవారు కూడా చూడగలరు, చాలామంది చూస్తారు కూడా. అందుచేత మర్యాద తెలిసినవారు అందులో మెచ్చుకోలు తప్ప రాయరు. మధ్యలో నలభై పేజీలు సాగదీత ఉందనో, ముగింపు తొందరపడిందనో ఎవరూ హెచ్చరించరు. నా నోట్లు కూడా అటువంటివే. పద్మ కథలో పార్వతి భాగాలు పేలవంగా ఉన్నాయని నాకు మొదటి నుంచీ తెలుసు, కాని నోట్‌లో ఆ ఊసు లేదు. కాబట్టి నోట్‌లో ఉన్న ప్రశంసను కాకుండా, అందులో ప్రశంస దేని మీద నిలిచిందో చూసుకోవాలి. అద్భుతం అన్న మాట ఒక్కటే ఉన్న నోట్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

మరో చిక్కు: కృత్రిమ మేధ సంస్థలు తమ కథలను ఊడ్చుకుపోతున్నాయన్న ఆందోళనతో చాలామంది రచయితలు ఇప్పుడు తమ కథలను ఖాతా ఉన్నవారికి మాత్రమే కనబడేలా పెట్టుకుంటున్నారు. ఆ భయం న్యాయమైనదే, కాని సిఫార్సు చేసేవారికి దానివల్ల సగం పని దండగ అవుతుంది. మనం లింకు పంపితే అవతలివారికి కథ బదులు లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, ఖాతాకు ఆహ్వానం వచ్చేదాకా వాళ్ళు వరుసలో వేచి ఉండాలి, ఈలోగా ఉత్సాహం చల్లారిపోతుంది. వయసుకు సంబంధించిన గుర్తులు, హెచ్చరికలు కూడా రచయితలు స్వయంగా పెట్టుకునేవే, హెచ్చరించకుండా ఉండే ఎంపిక కూడా వాళ్ళకు ఉంది. కాబట్టి చిన్నవాళ్ళకు పంపే ముందు కథను మనమే ఒకసారి చదవక తప్పదు. ఈ విషయంలో ఎవరి రెక్ టిక్కునూ నమ్మను.

అన్నిటికన్నా ముఖ్యంగా, నచ్చిన కథను ఈపబ్‌గా, అంటే ఈ-పుస్తకం ఫైలుగా, దించి ఫోన్‌లో పెట్టుకోండి. కథ పేజీలోనే ఆ సౌకర్యం ఉంది. 2023 జూలైలో సైబర్ దాడి కారణంగా ఏఓత్రీ ఒక రోజుకు పైగా మూతపడినప్పుడు చాలామందికి ఇది తెలిసివచ్చింది. పద్మ కథ నా దగ్గర మిగిలింది కూడా అలాగే. మా అక్క కూతురికి ఆ ఫైలు పంపాను, చదివి ఎవరికీ ఇవ్వవద్దని చెప్పాను. రచయిత తీసేసిన కథను మరోచోట ఎక్కించడం ఈ లోకంలో పెద్ద అమర్యాద. రాసేవారిలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి: వెళ్ళిపోవాలనుకున్నప్పుడు తొలగించే బదులు ‘ఆర్ఫన్’ చేసే వీలు కూడా అక్కడే ఉంది. మీ పేరు తొలగిపోతుంది, కథా, వ్యాఖ్యలూ, మా నోట్లూ ఉంటాయి.

ఇక తీర్పు. రాత్రి పని ముగిశాక, ఫోన్‌లో, ఇంగ్లిషులో, పూర్తయిన పెద్ద కథలు మాత్రమే చదివే నాలాంటివారికి రెక్ గడి కన్నా నమ్మకమైన దారి మరొకటి కనబడలేదు. ఫలానా జంట కథలే కావాలనుకునేవారికి ట్యాగులే చాలు, ఇంత తతంగం అక్కర్లేదు. నెలకు ఒక కథ చదివేవారికి కూడా ఇది ఎక్కువే కావచ్చు, ఎందుకంటే ఒకరి అభిరుచి మనకు కుదురుతుందో లేదో తెలియాలంటే వారు మెచ్చిన మూడు నాలుగు కథలైనా చదవాలి. అందులో రెండు నచ్చకపోతే మొహమాటపడకుండా మరొకరి పేజీకి వెళ్ళిపోండి. నా పేజీకి కూడా అదే వర్తిస్తుంది.