మినిమం డ్యూనా, బంగారం తాకట్టా?

జీతం సగానికి పడింది, క్రెడిట్ కార్డు మీద లక్ష బాకీ ఉంది. చేతిలో నెలకి 5,000 మించి మిగలదు అనుకుందాం.

మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే మొత్తం, కడుతూ పోతే బాకీ కట్టమని ఫోన్లు రావు, అదొక్కటే సుఖం. నెలకి 3.5 శాతం చొప్పున వడ్డీ 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. కట్టిన 5,000లో అసలుకి చేరేది 870 రూపాయలే! పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన కిరాణా బిల్లుకి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ.

బీరువాలో గాజులు బ్యాంకులో పెట్టి, ఏడాదికి 10 శాతానికి లక్ష తెచ్చి కార్డు బాకీ తీర్చేస్తే మొదటి నెల వడ్డీ సుమారు 833. అదే 5,000 కడితే 4,000 పైగా అసలు తగ్గుతుంది. జీతం తగ్గిందని కొత్త లోన్ ఇవ్వనివాళ్లు కూడా బంగారం చూసి ఇస్తారు. ఇంట్లో ఒప్పించడమే అసలు టెన్షన్.

నేనైతే తాకట్టుకే ఓటేస్తాను. కాకపోతే గడువు దాటితే గాజులు వేలానికి పోతాయి. బాకీ తీరిన కార్డుని మళ్లీ గీకితే రెండు అప్పులూ మిగులుతాయి. వచ్చే రెండు మూడు నెలలు ఆ 5,000 కూడా కష్టమే అనిపిస్తే, తాకట్టు బదులు ఒక గొలుసు అమ్మేయడం మేలు.