ఇంటి ముందు మంచు తీయడానికి పార, స్నో బ్లోయర్, కాంట్రాక్టు: ఏది మేలు?

మంచును లాగి దూరంగా విసిరే యంత్రాన్ని, అంటే స్నో బ్లోయర్‌ను, కొనాలా వద్దా అని ఆలోచించేవారు సాధారణంగా ఏడాదికి ఎంత మంచు పడుతుందో లెక్క చూసుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనవి మూడు: ఒక్కసారి పడే మంచు బరువు, దాన్ని తీయడానికి మనకు దొరికే సమయం, తీయవలసిన నేల స్వభావం. పదిహేను మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న డ్రైవ్‌వే (వీధి నుంచి ఇంటిదాకా కారు వచ్చే దారి) మీద 20 సెంటీమీటర్ల మంచు పడితే అది 12 ఘనమీటర్లవుతుంది. ఘనమీటరుకు 100 కిలోలు తూగే తేలికపాటి మంచైతే మొత్తం బరువు 1,200 కిలోలు. అదే తడిసి 300 కిలోలు తూగే మంచైతే 3,600 కిలోలు. లోతు మారకుండానే పని మూడింతలవుతుంది కాబట్టి, వాతావరణ సూచనలోని సెంటీమీటర్లను మాత్రమే నమ్ముకుని నిర్ణయానికి రాకూడదు.

పారకు ఖర్చు తక్కువ, అది గోడకు ఆనించిపెట్టేంత చోటులో ఇమిడిపోతుంది, పైగా యంత్రం కొన్నా మెట్ల మీదికీ గుమ్మం దగ్గరికీ అది కావలసిందే. ఒక కారు పట్టే చిన్న జాగా ఉండి, ఒక్కో విడతకు పది సెంటీమీటర్లకు మించి మంచు పడని చోట పారే చాలు. మంచు ఆగేదాకా ఎదురుచూడకుండా మధ్యమధ్యలో తీస్తూ, వీలైనంతవరకు ఎత్తిపోయకుండా పక్కకు నెడుతూ పోతే శ్రమ చాలా తగ్గుతుంది. అయితే చలిగాలికి రక్తనాళాలు కుంచించుకుపోయిన స్థితిలో హఠాత్తుగా చేసే బరువుపని గుండె మీద భారం మోపుతుంది కనుక, గుండెజబ్బు ఉన్నవారి విషయంలో ఖర్చు లెక్కల కన్నా వైద్యుడి మాటే ముందు.

యంత్రాల్లో ఒకే దశతో పనిచేసేవి, రెండు దశలవి అన్న తేడాను తెలుసుకోకుండా కొనడం వృథా. ఒకే దశ యంత్రంలో రబ్బరు అంచులున్న ఆగర్ (ముందుభాగంలో తిరిగే మరలాంటి భాగం) నేలను తాకుతూ తిరుగుతుంది, మంచును గీకి తీసి విసిరేది కూడా అదే. అందువల్ల సిమెంటు, తారు నేల మీద ఇది దాదాపు నేల కనిపించేలా శుభ్రం చేస్తుంది. కంకర పరిచిన దారి మీద మాత్రం రాళ్లను కూడా ఏరి విసిరేస్తుంది. రెండు దశల యంత్రంలో లోహపు ఆగర్ మంచును విరిచి లోపలికి లాగితే, వెనుక ఉన్న ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం దాన్ని గొట్టం గుండా దూరంగా చిమ్ముతుంది. ఆగర్‌ను నేలకు కాస్త ఎత్తులో నిలిపే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఇది కంకర దారికీ పనికివస్తుంది, చక్రాలకు ఇంజన్ శక్తి అందడం వల్ల వాలులో నడపడమూ సులువు. కాని ఇవి బరువైనవి, గ్యారేజీలో చాలా చోటు ఆక్రమిస్తాయి.

అసలు పరీక్ష డ్రైవ్‌వే మీద కాదు, దాని మొదట్లో ఉంటుంది. వీధిని శుభ్రం చేసే ప్లౌ బండి వెళ్లాక మన దారికి అడ్డంగా మిగిలే గట్టు, నలిగి, తడిసి, గంటల్లోనే రాయిలా బిగుసుకుంటుంది. చిన్న ఎలక్ట్రిక్ యంత్రం దాని ముందు తడబడుతుంది. ప్రతి తుపానుకూ అలాంటి గట్టు ఎదురయ్యేవారికి రెండు దశల యంత్రానికి పెట్టే అదనపు ఖర్చు దండగ కాదని నా అభిప్రాయం. ఆ బెడద లేనివారికి బ్యాటరీతో నడిచేది హాయి: చప్పుడు తక్కువ, పెట్రోలు నిల్వ బాధ లేదు. బ్యాటరీ సామర్థ్యం చలిలో తగ్గుతుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచి, పనికి ముందు అమర్చుకోవాలి. తీగతో నడిచేది చవకే గాని, తీగ ఆగర్‌లో చిక్కుకోకుండా కాచుకోవడమే సగం పని.

పెట్రోలు యంత్రం కొనేవారు నిర్వహణను కూడా ధరలో కలుపుకోవాలి. ఇంజన్ ఆయిలు మార్చాలి, వేసవి నిల్వకు ముందు పాత పెట్రోలు తీసెయ్యాలి లేదా అది చెడకుండా ఉంచే స్టెబిలైజర్ ద్రవం కలపాలి, గట్టి వస్తువు తగిలినప్పుడు గేరుపెట్టెను కాపాడటానికి తామే విరిగే షియర్ పిన్నులు కొన్ని దగ్గర ఉంచుకోవాలి. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకమవుతుంది. గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, భాగాలు పూర్తిగా నిలిచాక కూడా చేయి పెట్టకుండా, కర్రతోనో యంత్రంతో వచ్చే పనిముట్టుతోనో తొలగించాలి. ఇరుకులో బిగిసి ఉన్న ఇంపెల్లర్ అడ్డు తొలగగానే ఒక్కసారి తిరగవచ్చు.

ఇక కాంట్రాక్టు. ఒంట్లో ఓపిక లేనివారికీ, శీతకాలంలో తరచు ఊళ్లో ఉండనివారికీ ఇదే సరైనది. దీనిలో లోపం డబ్బు కన్నా వేళ: పెద్ద తుపాను రోజున కాంట్రాక్టరు వరుసలో మన ఇల్లు ఎన్నోదో మన చేతిలో ఉండదు, తెల్లవారుజామునే పనికి వెళ్లాల్సినవారికి ఆ ఆలస్యం కుదరదు. రాకకింతని ఇచ్చే ఒప్పందం మంచు తక్కువ పడే ఏడాది మనకు లాభం, కాలం మొత్తానికి ఒకే రుసుము మంచు విపరీతంగా పడే ఏడాది లాభం. ఎన్ని సెంటీమీటర్లు పడితే వస్తారు, వీధి ప్లౌ వదిలిన గట్టును తీయడానికి మళ్లీ వస్తారా అనే రెండు విషయాలను సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోవాలి.