ఒకే తీరం, ఒకే పెద్ద కోర్సు: ఐర్లాండ్‌లో తొమ్మిదేళ్ల గోల్ఫ్ ప్రయాణాలు

ఐర్లాండ్ పడమటి తీరంలోని లాహించ్ గోల్ఫ్ కోర్సులో అయిదో హోల్ (ఆటలో ఒక్కో అంచెను హోల్ అంటారు) మొదట్లో నిలబడితే గ్రీన్, అంటే జెండా, రంధ్రం ఉండే నున్నటి గడ్డి చోటు, కనబడదు. ఎదురుగా గడ్డి పట్టిన పెద్ద ఇసుక గుట్ట, దాని మీద తెల్లగా ఒక రాయి, అంతే. ఆ రోజు జెండా ఏ దిక్కున ఉందో ఆ రాయి చెబుతుంది. రంధ్రాన్ని మరో చోటికి మారిస్తే రాయినీ జరుపుతారు. విశాఖపట్నం నుంచి వచ్చిన మా బావగారు కర్ర చేతిలో పట్టుకుని, "కనబడని చోటికి కొట్టడానికా మనం ఇంత డబ్బు కట్టింది?" అని అడిగారు. కొట్టాక గుట్ట ఎక్కి చూస్తే బంతి జెండాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆయన ఆ గుట్ట మీద నుంచి దిగడానికి చాలాసేపు ఇష్టపడలేదు. పద్దెనిమిది హోళ్ల ఆ ఒక్క రౌండుకు మనిషికి 300 యూరోలకు పైనే అయింది. దాని గురించి ఈరోజుకీ నాకు చింత లేదు. అదే ప్రయాణంలో మిగతా వాటికి పెట్టిన డబ్బు గురించి మాత్రం ఉంది.

ఉద్యోగరీత్యా లిమరిక్‌లో ఉంటూ తొమ్మిదేళ్లలో ఏడు గోల్ఫ్ ప్రయాణాలు చేశాను. మనిషికి 3,000 యూరోలు దాటినవీ ఉన్నాయి, 320తో ముగిసినవీ ఉన్నాయి. ఖర్చు పెరిగినకొద్దీ ఆనందం పెరగలేదు. కారులో గడిపిన గంటలు తగ్గినకొద్దీ పెరిగింది.

మొదటిసారి తెలియక ఒక ప్రయాణ సంస్థకు మొత్తం అప్పగించాం. అయిదు రోజుల్లో అయిదు పేరున్న కోర్సులు: దక్షిణాన కెర్రీలోని బాలీబనియన్ నుంచి ఉత్తరాన రాయల్ పోర్ట్‌రష్ దాకా. పటం మీద ఐర్లాండ్ చిన్నదే. కానీ పడమటి తీరం రోడ్లు రెండు కార్లు పక్కపక్కన పట్టడమే కష్టమనేంత ఇరుకు, ఇరువైపులా రాతి గోడలు. ఆ రెండు ఊళ్ల మధ్య ప్రయాణానికే ఒక రోజు పూర్తిగా పోయింది. గదులు కోర్సులకు నలభై నిమిషాల దూరంలో ఇచ్చారు. బాలీబనియన్‌లో మొదటి హోల్‌కు కుడి పక్కనే శ్మశానం, ఆ తరువాత సముద్రపు గట్టు వెంట ఆట. ఆ గట్టు మీదికి చేరేసరికి గాలీవానా ఒక్కసారిగా విరుచుకుపడి పదకొండో హోల్ దగ్గర ఆపేశాం. వాన వచ్చిందని రుసుము వెనక్కి రాదు. మరునాడు ఆడదామంటే మరునాడు మరో ఊళ్లో ఆట ఖరారై ఉంది. ఒక్క రోజు ఖాళీ ఉంచుకుని ఉంటే ఆ మిగిలిన ఏడు హోళ్ల గురించి ఇన్నేళ్లు తలచుకుని ఉండేవాణ్ణి కాదు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఒక ప్రయాణానికి ఒకే తీరం, ఒకే పెద్ద కోర్సు, ఒక ఖాళీ రోజు. మొదటిసారి వచ్చేవారికి లాహించ్ ఉన్న క్లేర్, బాలీబనియన్ ఉన్న ఉత్తర కెర్రీ కలిపి చూడమంటాను. లాహించ్ నుంచి బాలీబనియన్ వెళ్లడానికి లిమరిక్ మీదుగా చుట్టు తిరగక్కర్లేదు. కిల్లిమర్ దగ్గర కారుతో సహా పడవ ఎక్కితే ఇరవై నిమిషాల్లో షానన్ నది దాటి టార్బర్ట్‌లో దిగుతారు.

డబ్బు ఆదా చేయడానికి చాలామందికి తెలియని దారి ఒకటుంది. పేరున్న క్లబ్బుల్లో ఎక్కువ వాటికి రెండో కోర్సు ఉంటుంది. లాహించ్‌లో కాజిల్ కోర్సు, బాలీబనియన్‌లో కాషెన్, పోర్ట్‌రష్‌లో వ్యాలీ, రాయల్ కౌంటీ డౌన్‌లో ఆన్స్‌లీ. అదే గాలి, అదే ఇసుక నేల, రుసుము మాత్రం పెద్దదానిలో చిన్న భాగం. పెద్ద కోర్సు ఆడే ముందు రోజు చిన్నది ఆడితే ఆ నేల తీరు కాళ్లకు అర్థమవుతుంది. మన దగ్గర బంతిని గాలిలోకి లేపి గ్రీన్ మీద ఆపడం అలవాటు. ఇక్కడి గట్టి నేల మీద అది పనికిరాదు. ముప్పై గజాల దూరం నుంచి కూడా పుట్టర్‌తో, అంటే బంతిని నేల మీద దొర్లించే కర్రతో, దొర్లించడం నేర్చుకోవాలి.

మధ్యస్థ ఖర్చుకు స్లైగో, మేయో తీరాన్ని మించింది నాకు కనబడలేదు. నలుగురం కలిసి ఎన్నిస్‌క్రోన్‌లో వారానికి ఇల్లు అద్దెకు తీసుకున్నాం. బెన్ బుల్బెన్ కొండను చూస్తూ ఆడే రోసెస్ పాయింట్ అక్కడికి దాదాపు గంట. బెల్‌ముల్లెట్ దగ్గరి కార్న్ మరోవైపు గంటకు కాస్త పైన. ఎడ్డీ హాకెట్ చివరిగా రూపుదిద్దిన లింక్స్ (సముద్రపు ఒడ్డున ఇసుక నేల మీది కోర్సు) కార్న్. చేతిలో పెద్దగా డబ్బు లేని ఊళ్లకు నేల ఎలా ఉంటే అలాగే వాడుకుని కోర్సులు గీసిచ్చిన మనిషి ఆయన. అక్కడి ఇసుక దిబ్బల మధ్య నడుస్తుంటే పక్క హోల్‌లో మనుషులు ఉన్నారో లేరో కూడా తెలియదు. సాయంత్రం ఇంట్లో అన్నం, పప్పు వండుకున్నాం. హోటలు భోజనం ఖర్చు మిగలడం ఒక ఎత్తు, రోజంతా చలిగాలిలో నడిచి వచ్చాక వేడి వేడి పప్పన్నం మరొక ఎత్తు. విమానం ఖర్చు కాక మనిషికి దాదాపు 950 యూరోలు అయింది. నా ఏడు ప్రయాణాల్లో ఉత్తమమైనది ఇదే.

ఇక 320 యూరోల ప్రయాణం. మేయోలోని మల్‌రానీ, తొమ్మిది హోళ్ల కోర్సు. గొర్రెలు, ఆవులు మేస్తూ ఉంటాయి, అవి తొక్కకుండా ప్రతి గ్రీన్ చుట్టూ మోకాలి ఎత్తున తీగ కంచె. దాన్ని దాటి లోపలికి అడుగుపెట్టి పుట్ చేయాలి, అంటే బంతిని రంధ్రంలోకి దొర్లించాలి. కింద క్లూ బే, అవతల క్రో పాట్రిక్ కొండ. రెండు రోజులూ ఆడాం, ఒక్కో రౌండుకు 50 యూరోల లోపే. రెండో రోజు ఒక ఆవు కంచె అవతల నిలబడి నేను పుట్ చేసేదాకా కదలకుండా చూసింది. డొనెగల్‌లో క్రూట్ ఐలండ్ కూడా ఇలాంటిదే: చిన్నది, సముద్రానికి అతి దగ్గర. డబ్బు తక్కువని వీటికి వెళ్లడం కాదు, డబ్బున్నా వీటికి వెళ్లాలి.

హ్యాండిక్యాప్ పత్రం, అంటే మీ ఆట స్థాయిని చూపే పత్రం, తప్పక తెచ్చుకోండి. పెద్ద క్లబ్బులు అడుగుతాయి. పైగా వేసవిలో అనేక క్లబ్బులు బయటివారికీ ఓపెన్ పోటీలు పెడతాయి, ఆ పత్రం ఉంటే మామూలు రుసుములో సగానికంటే తక్కువకే ఆడవచ్చు. ఇక్కడే ఉంటూ ఏదైనా క్లబ్బులో చేరినవారికి గోల్ఫ్ ఐర్లాండ్ (ఇక్కడి గోల్ఫ్ సంఘం) సభ్యులుగా చాలాచోట్ల వేరే ధర ఉంటుంది. జూన్‌లో పది గంటల దాకా వెలుగు ఉంటుంది కాబట్టి సాయంత్రపు తగ్గింపు ధరకు మొదలుపెట్టినా పద్దెనిమిది హోళ్లూ పూర్తవుతాయి.

మన దేశంలో కేడీ (సంచి మోసి, దారి చెప్పే మనిషి) లేకుండా ఆడటం అరుదు. ఇక్కడ కేడీ విడిగా, ముందే చెప్పి పెట్టుకోవాలి. నేను ఇచ్చింది దాదాపు 80 యూరోలు, నగదుగా. గుట్టల మాటున ఏముందో తెలియని పెద్ద కోర్సులో అది దండగ కాదు. మిగతాచోట్ల తోపుడు ట్రాలీ చాలు. బ్యాటరీ బండి దొరుకుతుందని మాత్రం నమ్ముకోవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకొస్తుంటే ముందే రాసి కనుక్కోండి. మా బావగారి విషయంలో నేను కనుక్కోలేదు, ఆయన చివరి మూడు హోళ్లు నొప్పితో నడిచారు.

కారు విషయం. ఎడమవైపు నడపడం మనకు అలవాటే. నలుగురి గోల్ఫ్ సంచులు మామూలు కారులో పట్టవు, పెద్దది తీసుకోండి. ఒకసారి రాతి గోడకు అద్దం గీసుకుపోతే అద్దె సంస్థ నా దగ్గర దాదాపు ఒక రౌండు రుసుమంత వసూలు చేసింది. బీమాలో మనం భరించాల్సిన వాటా ఎంతో సంతకానికి ముందే చదవండి.

అన్నిటికంటే ముఖ్యం వీసా. పోర్ట్‌రష్, రాయల్ కౌంటీ డౌన్ ఉన్నది ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే బ్రిటన్ పాలనలో. అక్కడ చెల్లేది పౌండ్లు. రోడ్డు మీద సరిహద్దు గేటు ఏదీ ఉండదు, అందుకే చాలామంది పొరబడతారు. కానీ చట్టం ఉంది. భారత పాస్‌పోర్టుతో వచ్చేవారు బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం కింద ఇచ్చిన గుర్తు ఐరిష్ వీసా మీద ఉందో లేదో చూసుకోవాలి. ఆ గుర్తుంటే ముందు ఐర్లాండ్‌లో దిగి, తరువాత ఉత్తరానికి వెళ్లవచ్చు. నాలాగా ఇక్కడ నివాస అనుమతితో ఉన్నవారికి ఆ పథకం వర్తించదు, బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి. మా స్నేహితుడొకరు ఆ సంగతి ప్రయాణానికి వారం ముందు తెలుసుకుని పోర్ట్‌రష్ రుసుము వదులుకోవలసి వచ్చింది.

ఈసారి మే నెలలో మళ్లీ కెర్రీ వెళుతున్నాం. బాలీబనియన్‌లోనే మూడు రాత్రులు, మొదటి రోజు కాషెన్, రెండో రోజు పెద్ద కోర్సు. వాన వస్తే ఆడటానికి మూడో రోజు ఖాళీగా ఉంచాం. బావగారికి కేడీనీ, ఆయన మోకాళ్ల కోసం బండినీ జనవరిలోనే రాసి ఖాయం చేసుకున్నాను.