మడికొండ దారిలో ఫ్లాటు, కాజీపేట మీదుగా బస్సు

కాజీపేట దాటి మడికొండ వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డుకు కిలోమీటరున్నర లోపల, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. 2019 దసరా నాడు పాలు పొంగించాం. మా ఆయనకు సికింద్రాబాద్‌లో ఉద్యోగం. నాకు వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల షాపులో లెక్కలు చూసే పని. ఆయనది పడమటికి 132 కిలోమీటర్ల రైలు, నాది తూర్పుకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. ఇన్నేళ్లుగా చూసినదాన్ని బట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను: ఇల్లు ఫరవాలేదు, రైలు బాగుంది, ఆ పదిహేను కిలోమీటర్ల రోడ్డే ఓపికంతా తినేస్తోంది. ఇక్కడ శివారులో ఫ్లాటు కొనేవాళ్లు ఎస్‌ఎఫ్‌టీ ఎంత, తూర్పు ముఖమేనా అని పదిసార్లు అడుగుతారు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికెలా చేరతారని ఒక్కసారీ అడగరు. అందుకే ఇందులో ఇంటి కంటే బస్సు సంగతే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఇల్లు. గోడలు గట్టివే, గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయి. కరెంటు పోయినా లిఫ్టు ఆగదు, జనరేటర్ ఉంది. నల్లా వచ్చింది కానీ రోజూ రాదు, బోరు మీదే ఎక్కువ ఆధారం. ఎండాకాలంలో బోరు సన్నగిల్లితే ట్యాంకర్ తెప్పించాలి. ఆ నెల మెయింటెనెన్స్ పెరిగిందని గ్రూపులో గొడవ. మూడో ఏడు మా బాత్రూం నుంచి కింది వాళ్ల గోడకు చెమ్మ దిగింది. బిల్డర్‌కు ఫోన్ చేస్తే "మేస్త్రీని పంపిస్తానమ్మా" అనే జవాబు వచ్చింది, మేస్త్రీ రాలేదు. టైల్స్ తీయించి మా డబ్బులతోనే బాగు చేయించాం.

ఇక కోతులు. వరంగల్, హన్మకొండలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు కానీ బయటి నుంచి వచ్చేవాళ్లు ఈ ఖర్చు లెక్కలో వేసుకోరు. బాల్కనీకి గ్రిల్ పెట్టిస్తే సరిపోదు, ఊచల సందులోంచి చెయ్యి పెట్టి ఆరేసిన బట్టలు లాగుతాయి. గ్రిల్‌కు లోపలి వైపు సన్న జాలీ కొట్టించాలి. మేం ముందు ప్లాస్టిక్ జాలీ వేయించాం. రెండు వారాల్లో ఒక మూల కొరికేశాయి, ఇప్పుడున్నది ఇనుప జాలీ. దాంతో బాల్కనీ పేరుకే బాల్కనీ. అక్కడ నిలబడి టీ తాగుతూ ధర్మసాగర్ వైపు మబ్బులు చూద్దామనుకుంటే జాలీ గళ్లలోంచే చూడాలి.

కొనేటప్పుడు మాకు చూపించిన రంగుల బ్రోచర్ ఇంకా దాచుకున్నాను. ఫ్లాటు గురించి అందులో ఒకటే పేజీ, మిగతాదంతా వరంగల్ భవిష్యత్తు. మడికొండ ఐటీ పార్కు, గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ, మామునూరు ఎయిర్‌పోర్ట్. అన్నీ అబద్ధాలని అనను. ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచారు. టెక్స్‌టైల్ పార్కుకు 2017లోనే శంకుస్థాపన అయింది. కోచ్ ఫ్యాక్టరీ కోసం కాజీపేట ఎదురుచూసి ఒక తరం దాటింది. మనకు రావాల్సింది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయిందని మా మామయ్య ఇప్పటికీ కోపంగా చెబుతారు. 2023 జులైలో ప్రధాని వచ్చి రైల్వే తయారీ యూనిట్‌కు పునాది రాయి వేశారు. మామునూరులో నిజాం కాలపు ఎయిర్‌పోర్ట్ 1981 నుంచి మూతపడి ఉంది. దాన్ని మళ్లీ తెరవడానికి కేంద్రం 2025లో ఒప్పుకుంది. అన్నీ నిజమే, కానీ అన్నీ వచ్చేవే. ఇంటి లోన్ కిస్తీ మాత్రం మొదటి నెల నుంచే వచ్చింది. బ్రోచర్‌లోని ఎయిర్‌పోర్ట్ మా ఇంటి నుంచి చూస్తే ఊరికి అవతలి కొసన ఉందనే సంగతి కూడా మేమే మ్యాపులో వెతుక్కున్నాం.

మేం చేరాక మెట్రో మాట కూడా బాగా నడిచింది. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా పదిహేను కిలోమీటర్లు, రబ్బరు టైర్ల మీద పైన కరెంటు తీగతో నడిచే మెట్రో నియో. డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) కూడా తయారైంది. పేపర్లో ఆ వార్త పడ్డ నెలలో మా సందులో ఖాళీ ప్లాట్ల గజం ధర పెరిగింది. మెట్రో కాగితం మీదే ఉంది, ధర మాత్రం దిగిరాలేదు.

ఈ ఊరి ఇబ్బంది అర్థం కావాలంటే ఒక లెక్క చూడాలి. 42 ఊళ్లను కలుపుకున్న తర్వాత గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ సుమారు 407 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనం ఎనిమిది లక్షల పైచిలుకు. అప్పటి గ్రేటర్ హైదరాబాద్ 650 చదరపు కిలోమీటర్ల లోపే, జనం 67 లక్షల పైన. అంటే మన విస్తీర్ణం వాళ్లదాంట్లో మూడింట రెండొంతులకు దగ్గర, జనం ఎనిమిదో వంతు. ఇంత పలచగా పరుచుకున్న ఊళ్లో ప్రతి కాలనీకీ బస్సు నిండదు. నిండని బస్సును ఆర్టీసీ ఎక్కువ రోజులు నడపదు. బస్సు లేదు కాబట్టి ఇంటింటికీ రెండు బండ్లు. బండ్లున్నాయి కాబట్టి ఇంకా దూరంగా వెంచర్లు. ఊరి మధ్యలో జాగా లేక ఇలా అయిందా అంటే అదీ కాదు. 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు మూతపడ్డాక వరంగల్ నడిబొడ్డున ఎంత నేల ఖాళీ అయిందో పాతవాళ్లకు తెలుసు. అందులో కొంత 'ఓ సిటీ' (O City) అనే పేరుతో ప్లాట్లయింది. వేలమంది నడిచి పనికి వెళ్లిన చోట ఇప్పుడు కార్ల పార్కింగ్ ఉన్న ఇళ్లు. ఊరి మధ్యలో మాలాంటి జీతగాళ్లకు అందే ధరలో ఫ్లాట్లు కట్టి ఉంటే మేం మడికొండ దారి పట్టేవాళ్లమే కాదు.

ఇక బస్సు. మెయిన్ రోడ్డు మీద సిటీ బస్సులున్నాయి. కాజీపేట, ఫాతిమానగర్, నిట్, సుబేదారి, అదాలత్, హన్మకొండ చౌరస్తా, ఎంజీఎం, వరంగల్ ఈ వరసలో ఉండేవాళ్లు అదృష్టవంతులు. బస్సు లేకుంటే ఆటో, ఆటో లేకుంటే ఇంకో బస్సు. ఊరంతా ఈ ఒక్క తీగకే వేలాడుతోంది. ఈ గీత నుంచి కిలోమీటరు పక్కకు జరిగితే మాత్రం ఎవరి కాళ్లు వాళ్లవే. హైదరాబాద్ నుంచి వచ్చే సూపర్ లగ్జరీలు మా కళ్లముందే దూసుకుపోతాయి, చెయ్యెత్తినా ఆగవు.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఫ్రీ ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక నా నెల ఖర్చులో బస్సు చార్జీ పద్దు పోయింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. మా షాపులో పనిచేసే అమ్మాయిల్లో ఇద్దరు ఆ చార్జీలకు భయపడే అంతకుముందు దూరపు ఉద్యోగాలు వదులుకున్నారు. మొదటి నెలల్లో మాత్రం రోజూ తతంగమే. ఫోన్‌లో ఆధార్ ఫొటో చూపిస్తే కండక్టర్ తల అడ్డంగా ఊపేవాడు. "అమ్మా, ఒరిజినల్ తీయండి, ఫోన్‌ల ఉన్నది నడవది." ఒక చేత్తో పైన రాడ్డు, ఇంకో చేత్తో హ్యాండ్‌బ్యాగ్ జిప్పు, కార్డు తీసేలోగా హన్మకొండ చౌరస్తా వచ్చేసేది. ఇప్పుడు కార్డును ఫోన్ కవర్ వెనక పెట్టుకుంటున్నాను. ఫోన్ ఎత్తి చూపిస్తే జీరో టికెట్ చేతికొస్తుంది.

టికెట్ జీరో అయింది కానీ బస్సులు అంతగా పెరగలేదు. ఉదయం తొమ్మిదికి కాజీపేట దగ్గరే బస్సు నిండిపోతోంది. నిట్ దగ్గర ఎక్కే కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీదే. ముందు సగం ఆడవాళ్లు, వెనక సగం కూడా ఆడవాళ్లే, టికెట్ కొన్న మగవాళ్లు నిలబడి గొణుగుతుంటారు. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే ఆ వారం ఇంకో కథ. ఎక్కడెక్కడి బస్సులూ సమ్మక్క సారలమ్మల దగ్గరికే వెళ్తాయి. 2024 ఫిబ్రవరిలో జాతర రోజుల్లో మా దారిలో సిటీ బస్సు కనబడటమే గగనమైంది. షాపు ఓనర్ "జాతర కదమ్మా, లేటైనా రండి" అన్నారు కాబట్టి సరిపోయింది.

చీకటి పడ్డాక బండారం బయటపడుతుంది. షాపు మూసి, కౌంటర్ లెక్క తేల్చి బయటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి బస్సులు పలచబడతాయి. హన్మకొండ దాకా ఏదో ఒకటి దొరుకుతుంది, అక్కడి నుంచి కాజీపేటకు షేర్ ఆటో. ఈ ఊరి అసలు ప్రజా రవాణా ఇదే అని నా అభిప్రాయం. ఆటో నిండందే కదలదు. వెనక ముగ్గురు కూర్చునే చోట నలుగురు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు. ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతుంది, బస్సు పోని సందులోకీ పోతుంది. ఫ్రీ బస్సు వచ్చాక వాళ్ల గిరాకీ పడిపోయింది. మా దారిలో తిప్పే తమ్ముడొకడు ఒకరోజు నవ్వుతూనే అడిగాడు: "అక్కా, పొద్దంతా బస్సుల పోతరు, రాత్రైతే మేము యాదికొస్తమా?" ఏం జవాబు చెప్పాలో తోచలేదు. అతనికిప్పుడు పగటి గిరాకీ లేదు, రాత్రి గిరాకీ కోసం పదిన్నర దాకా ఉండే ఓపికా తగ్గింది. ఆటోలు తగ్గిపోతే రాత్రిపూట ఇల్లు చేరడం ఎలా అనే టెన్షన్ నాలాంటివాళ్లందరికీ ఉంది.

మెయిన్ రోడ్డు మీద దిగాక ఆ కిలోమీటరున్నర. వీధి దీపాలు సగం దూరం వరకే. తర్వాత ఖాళీ ప్లాట్లు, తుమ్మచెట్లు, కుక్కలు. సర్వీసు ఆటో లోపలికి రావాలంటే విడిగా డబ్బులివ్వాలి, అది షేర్ చార్జీకి మూడు రెట్లు. చివరికి స్కూటీ కొన్నాం. ఇప్పుడు ఉదయం స్కూటీని రోడ్డు మీద టీకొట్టు పక్కన పెట్టి బస్సెక్కుతాను, రాత్రి దిగి దాని మీద ఇంటికి వెళ్తాను. టీకొట్టాయనకు నెలకింత ఇస్తాను. వాన పడే రోజుల్లో నేరుగా స్కూటీ మీదే వరంగల్ వెళ్లేదాన్ని కానీ ఫాతిమానగర్ బ్రిడ్జి దగ్గర సాయంత్రం జామ్ చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. పక్కన కొత్త బ్రిడ్జి పని ఏళ్ల తరబడి సాగింది, పాత ఇరుకు బ్రిడ్జి మీదే లారీలు, బస్సులు, అంబులెన్సులు అన్నీ.

రైలు సంగతి కొంచెమే చెబుతాను, ఫిర్యాదులు తక్కువ కాబట్టి. కాజీపేట జంక్షన్ కాబట్టే ఇక్కడ కొన్నాం, ఆ నిర్ణయం బాగా పనికొచ్చింది. ఢిల్లీ వైపు, విజయవాడ వైపు, హైదరాబాద్ వైపు మూడు దిక్కుల బండ్లూ దొరుకుతాయి. మా ఆయన నెల పాస్ తీసుకుని అప్ అండ్ డౌన్ చేస్తారు. రోజూ వెళ్లేవాళ్లకు వాళ్ల బోగీ, వాళ్ల సీటు, వాళ్ల పేకాట ఉంటాయి. సికింద్రాబాద్‌లో దిగి ఆయన నాకు ఫోన్ చేసే సమయానికి ఒక్కోసారి నేనింకా హన్మకొండ ట్రాఫిక్‌లోనే ఉంటాను. నవ్వొస్తుంది, ఒళ్లూ మండుతుంది. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కు పట్టాల మీద పది కిలోమీటర్లే. ఆర్డినరీ ప్యాసింజర్‌కు పది రూపాయల టికెట్. ఉదయం, సాయంత్రం రెండేసి లోకల్ బండ్లు ఈ రెండు స్టేషన్ల మధ్య తిప్పితే నాలాంటివాళ్లం బస్సు మొహం చూడం. గూడ్స్ బండ్లతో లైను బిజీ అంటారు. బిజీయే, ఒప్పుకుంటాను. అయినా వందల కోట్ల కొత్త మెట్రో కంటే ఉన్న పట్టాల మీద ఒక షటిల్ అడగడం అత్యాశ అనిపించదు.

శివారులో ఉన్నందుకు దక్కిన లాభం ఒకటి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో వానలకు నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2025 అక్టోబర్‌లో మొంథా తుపానప్పుడు మళ్లీ అదే పరిస్థితి. మా తోటికోడలు వాళ్లు హంటర్ రోడ్డు దగ్గర గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటారు. ఫ్రిజ్, బియ్యం డ్రమ్ము, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ మంచాల మీదికి ఎత్తి మా ఇంటికి వచ్చేశారు. మాది మెరక, చుక్క నీరు నిలవలేదు. వాగులూ చెరువు కట్టుకాల్వలూ పూడ్చి కట్టిన చోట ఊరి మధ్యలో ఉన్నా లాభం లేదు. కాబట్టి ఎవరైనా అడిగితే బస్సు దారితో పాటు నీటి దారి కూడా చూసుకోమంటాను. ఆ సంగతి బిల్డర్‌ను అడగొద్దు, ఆ వీధిలో పాత కిరాణా కొట్టువాళ్లను అడగాలి.

ఇంకో చిన్న చికాకు. మా ఇల్లు హనుమకొండ జిల్లా, నా షాపు వరంగల్ జిల్లా. ఊరొకటే, కార్పొరేషనొకటే, కలెక్టర్లు ఇద్దరు. 2021లో పేర్లు మారినప్పటి నుంచి ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలో కనుక్కోవడానికే ఒక పూట సెలవు పోతుంది.

మార్కులంటే, ఫ్లాటుకు ఐదుకు మూడున్నర, రైలుకు నాలుగు, సిటీ బస్సుకు రెండు. ఆ రెండులో ఒకటి జీరో టికెట్‌కు, ఇంకొకటి ఆ రద్దీలోనూ నోరు జారని కండక్టర్లకు. ఇంట్లో ఒకరైనా హైదరాబాద్ రైలెక్కేవాళ్లయితే కాజీపేట వైపు కొనొచ్చు. ఇద్దరి ఉద్యోగాలూ వరంగల్‌లోనే అయితే హన్మకొండలో మెయిన్ రోడ్డుకు నడిచే దూరంలో పాత ఫ్లాటైనా సరే, చిన్నదైనా సరే, అదే మేలు. ధరలో తేడా కనిపిస్తుంది కానీ రెండో బండి, దాని పెట్రోలు, సర్వీసింగ్ ఐదేళ్లకు లెక్కేయండి. నా పనే లెక్కలు కాబట్టి వేసి చూశాను, తేడాలో సగం అక్కడే పోయింది.

చూడటానికి వచ్చేవాళ్లు ఆదివారం పొద్దున బిల్డర్ కారులో రావద్దు. పనిరోజున వరంగల్ చౌరస్తాలో రాత్రి ఎనిమిదిన్నరకు బయల్దేరి, బస్సో ఆటోనో పట్టుకుని, ఆ చివరి కిలోమీటరున్నర నడిచి గేటు దాకా రండి. మా పై అంతస్తులో ఒక ఫ్లాటు మూడు నెలలుగా కిరాయికి ఖాళీగా ఉంది. తాళం వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, ఎంత రాత్రయినా లేచి చూపిస్తాడు.